రోమన్ నాటకంలో నా గోత్రం

ఆ రోజుల్లో అమెరికాలో తెలుగువాడు స్టేజి ఎక్కాడంటే మైకు పనిచేస్తోందో లేదో చూడటానికే ఎక్కేవాడు. అలాంటి కాలంలో, రెండువేల ఏళ్ల కిందటి రోమన్ హాస్య నాటకంలో కథానాయకుడి వేషం కట్టి, మూడు వందలమంది అమెరికన్ల చేత లేచి నిలబడి చప్పట్లు కొట్టించుకున్న తొలి తెలుగువాణ్ణి నేనే. ఇది గొప్పకి చెప్పుకోవడం లేదు, చరిత్ర కోసం చెబుతున్నాను. నా తరవాత ఇంకెవరైనా ఆ పని చేశారేమో తెలీదు గాని, నాకంటే ముందు చేసినవాడు మాత్రం లేడు. (ఉంటే ఉత్తరం రాయండి, వాదించుకుందాం.) శాన్ రామన్‌లో రిటైరైన మావంటి వాళ్లకి పొద్దున్నే నడవడం, నడుస్తూ కోతలు కోయడం తప్ప వేరే ఉద్యోగం లేదు కాబట్టి, ఆ నాటకం వల్ల నాకు పెళ్లెలా అయిందో నడకలో చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా కథ కాస్త ఒళ్లు చేసింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి వీలైనంత చిక్కించి రాస్తాను.

ఎనభయ్యో సంవత్సరం. నాకు ఇరవై ఆరేళ్లు. సన్నీవేల్‌లో చిప్‌లు చేసే ఒక చిన్న కంపెనీలో ఇంజినీరుని. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోట అప్పుడింకా చెర్రీ తోటలు మిగిలి ఉండేవి. నాకు మూడు లోపాలు. కారు నడపడం రాదు (డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు ఫెయిలయ్యాను, మూడోసారి పక్కన కూర్చున్నాయన మధ్యలో దిగి నడిచి వెళ్లిపోయాడు). వంట రాదు. ఫోన్లో నేను మాట్లాడే ఇంగ్లీషు అవతలివాళ్లకి అర్థం కాదు. మొదటి రెండిటికీ దొరికిన మందు ప్రెసిడెంటు గారి ఇల్లు. ఆయన చుట్టుపక్కలున్న పదకొండు తెలుగు కుటుంబాలకి ప్రెసిడెంటు. ఎన్నికలంటూ ఏమీ జరగలేదు, ఆయన హాలు అందరి హాళ్లకంటే పెద్దది, అంతే. మా కంపెనీలోనే నాకంటే పదేళ్లు సీనియరు. ఏ విషయమైనా గొంతు సవరించుకుని, సభలో చెబుతున్నట్టు చెప్పేవారు. ఉప్పు అందుకోమన్నా అంతే.

ఆ అక్టోబరులో ఆయన కొత్తిల్లు కొని సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. మావంటి బ్రహ్మచారులందరం భక్తితో వెళ్లాం. ఆ భక్తికి కారణం వంటింట్లోంచి వస్తున్న పులిహోర పోపు వాసన. వ్రతం చేయించింది కెమిస్ట్ పంతులుగారు. అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక ల్యాబులో కెమిస్టు, శని ఆదివారాలు పంతులు. మంత్రాలు క్యాసెట్టు విని నేర్చుకున్నారని గిట్టనివాళ్లు అనేవారు గాని, శాస్త్రం దగ్గర ఆయన చుక్క ఎక్కువ కానిచ్చేవారు కాదు, తక్కువ కానిచ్చేవారు కాదు. పూజ అయ్యాక ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, గోత్రం అడిగి, పేరు చెప్పి, అక్షింతలు వేసి ఆశీర్వదిస్తున్నారు. మా ఇంట్లో ఇలాంటివన్నీ నాన్నగారు చూసుకునేవారు. నేను ఆయన వెనకాల నిలబడి చేతులు జోడించడమే. గోత్రం తెలియదని కాదు, చిన్నప్పుడు వందసార్లు విన్నాను. కాని సరిగ్గా ఆ నిమిషానికి, ఆ ఆకలికి, ఎంత వెతికినా తలలో దొరకలేదు. గోత్రం తెలియదంటే నలుగురిలో నామర్దా. నా ముందు నిలబడ్డది ప్రెసిడెంటు గారు. ఆయన గొంతు సవరించుకుని “భారద్వాజ” అన్నారు. తరవాత పంతులుగారు కళ్లద్దాల పైనుంచి నా వంక చూశారు. నేను కూడా గొంతు సవరించుకుని “భారద్వాజ” అన్నాను.

ప్రెసిడెంటు గారు వెళుతున్నవారల్లా గిరుక్కున వెనక్కి తిరిగారు. “ఏమోయ్, నువ్వు మావాడివా? ఇన్నాళ్లూ చెప్పవేం? ఒక్క గోత్రం అంటే ఒక్క రక్తమోయ్. నాకు తమ్ముళ్లు లేరు. ఇవాళ్టి నుంచి నువ్వే” అని రెండు భుజాలూ పట్టుకుని అందరికీ చూపించారు. ఆయన భార్య వెంటనే నాకు వదినగారైపోయింది. “మరిది లేడనే లోటొకటి ఉండేది నాకు. ఇక ఆదివారాలు భోజనం ఇక్కడే బాబూ” అంది. పక్కనే పేపరు ప్లేట్లలో ప్రసాదం పెడుతున్న ప్రెసిడెంటు గారి చెల్లెలు నా ప్లేటులో ఒక గరిటె ఎక్కువ వేసి, నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, “తీసుకోండి అన్నయ్యా” అంది. ఆ అన్నయ్యలో ఏదో తేడా ఉందని అనిపించింది గాని, ప్రసాదంలో జీడిపప్పు మరీ ఎక్కువగా ఉండటంతో ఆలోచన అటు పోలేదు.

ఆమె రెండేళ్ల కిందట అన్నగారి దగ్గరికి వచ్చి, లైబ్రరీ సైన్సు చదివి, ఊరి లైబ్రరీలో పనిచేస్తోంది. పసుపు రంగు చిన్న కారు నడిపేది. మాట తక్కువ. ఉన్న మాటకి మాత్రం పదును ఎక్కువ. నేను తమ్ముడినైన దగ్గర్నుంచి నన్ను ఆదివారం భోజనానికి తీసుకురావడం, మళ్లీ అపార్ట్‌మెంట్‌లో దింపడం ఆమె పనైంది. నేను మా అమ్మకి రాసే ఉత్తరాలు కూడా ఆమే తీసుకెళ్లి లైబ్రరీ పక్క పోస్టాఫీసులో వేసేది. నాకు హాయిగానే ఉండేది. గోత్రం అబద్ధమని చెప్పేద్దామని మొదటి నెలలో రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ వదినగారు అందులో గుత్తి వంకాయ పెట్టింది.

ఇక మూడో లోపం. జనవరిలో మా మేనేజరు నన్ను పిలిచి, “నీ పని బాగుంది. నీ మాటే తెలియడం లేదు” అని, సాయంత్రాలు కాలేజీలో మాట్లాడటం నేర్పే క్లాసులో చేర్పించాడు. ఆ పంతులమ్మకి అరవై ఏళ్లు పైనే ఉంటాయి. తెల్లటి ముడిలో ఎప్పుడూ పెన్సిలు గుచ్చుకుని ఉండేది. “సరిగ్గా మాట్లాడటం రావాలంటే ముందు ధైర్యంగా అబద్ధం ఆడటం రావాలి. అందుకు నాటకాన్ని మించింది లేదు” అని, మా పదిహేనుమంది చేతా రోమన్ నాటకం వేయిస్తానంది.

ఆమె కథ చెబుతుంటే నాకు ఎక్కడో విన్నట్టే ఉంది. స్టేజి మీద ఒక వీధి. వీధిలో రెండు ఇళ్లు, రెండు తలుపులు. అంతా ఆ తలుపుల ముందే జరుగుతుంది. లోపలి సంగతి ఎవరో ఒకరు బయటికొచ్చి చెప్పాలి. ఒక ఇంట్లో కుర్రవాడు. పక్కింట్లో నా అన్నవాళ్లు లేని పిల్ల. కుర్రవాడికి ఆ పిల్ల కావాలి, తండ్రికి వేరే సంబంధం కావాలి. కుర్రవాడికి సొంత బుర్ర ఉండదు, ఆ ఇంటి బుర్రంతా నౌకరు దగ్గర ఉంటుంది. వాడొక అబద్ధం ఆడతాడు, దాన్ని కప్పడానికి ఇంకోటి. తండ్రి కొడుకునీ, పొరుగాయన తండ్రినీ, అందరూ అందరినీ అపార్థం చేసుకుని వీధిన పడి అరుచుకుంటూ ఉండగా, చివర్లో ఒక ముసలి దాది చిన్న పెట్టె పట్టుకొస్తుంది. అందులో పసిపిల్ల గాజులు, ఒక బొమ్మ. వాటిని బట్టి ఆ పిల్ల పొరుగాయనకి చిన్నప్పుడు తప్పిపోయిన కూతురేనని తేలుతుంది. ఇంకేం, పెళ్లి. క్లాసులో అమెరికన్లకి ఒక్కటే సందేహం: ఎవరి పిల్లో తేలేదాకా పెళ్లెందుకు ఆగాలి? పౌరుడి కూతురైతే తప్ప ఆ రోజుల్లో పెళ్లి చెల్లేది కాదని పంతులమ్మ చెప్పినా వాళ్లకి ఎక్కలేదు. నాకొక్కడికే ఎక్కింది. గోత్రం తేలక మా పిన్ని పెళ్లి అచ్చం ఇలాగే రెండేళ్లు ఆగింది.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఎవరి పెళ్లి కోసం ఇంత గొడవో ఆ పిల్ల నాటకం మొత్తంలో ఒక్కసారి కూడా స్టేజి మీదికి రాదు. మర్యాదస్తుల ఇంటి పిల్ల వీధిలోకి రాకూడదట. ఒక్క డైలాగు ఉండదు. ఈ సంగతి కారులో ప్రెసిడెంటు గారి చెల్లెలికి చెప్పాను. క్లాసుకి మంగళ, గురువారాలు ఆమే తీసుకెళ్లేది.

“అయితే ఆ పిల్ల లోపల ఏం చేస్తూ ఉంటుంది?” అంది.

“ఏం చేస్తుంది, కూచుంటుంది.”

“ఊరికే కూచుంటుందని మీకెవరు చెప్పారు అన్నయ్యా? మీరు లోపలికెళ్లి చూశారా?” అని గేరు మార్చింది.

అలా మొదలైంది. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడల్లా నా చేత డైలాగు ప్రాక్టీస్ చేయించేది. మిగతా వేషాలన్నీ తనే చదివేది. ముసలి తండ్రిగా గొంతు బొంగురుగా పెట్టి నన్ను తిడుతుంటే పక్క కారువాళ్లు అద్దాలు దించి చూసేవారు. మార్చి వచ్చేసరికి నాకు ఆదివారాలకంటే మంగళవారాలు ఇష్టమయ్యాయి. నాకోసం మంగళవారం నాడు ఆమె కాస్త ముందే వస్తోందని కూడా గమనించాను. ఇంకో పక్క ఆమె అన్నయ్యా అని పిలిచినప్పుడల్లా పిలుపులో పిన్నీసు గుచ్చినట్టు ఉండేది. నిజం చెప్పేద్దామంటే, దేవుడి ఎదట, చేతిలో అక్షింతలతో ఆడిన అబద్ధం. దాని మీద నెలల తరబడి తిన్న భోజనం. ప్రెసిడెంటు గారు పదకొండు కుటుంబాలకీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్న తమ్ముణ్ణి నేను. చెబితే ఆ ఇంటి గుమ్మం ఎక్కనివ్వరు. చెప్పకపోతే ఆ ఇంటి అల్లుణ్ణి కాలేను.

ఉగాది నాడు పీకలమీదికి వచ్చింది. మామిడికాయ దొరక్క వదినగారు పచ్చటి పుల్ల యాపిల్ తురుముతోంది. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. “తమ్ముడూ, శుభవార్త. చెల్లాయికి జెర్సీ సిటీ సంబంధం. కుర్రాడు రోజూ రైలెక్కి మన్‌హట్టన్‌లో ఉద్యోగానికి వెళ్తాడు. బుద్ధిమంతుడు. మే నెలలో మీ నాటకం ఉన్న శనివారమే చూసుకోవడానికి వస్తున్నాడు. పెళ్లికూతురి అన్నగా నువ్వు నా పక్కన కూర్చోవాలి, ఎయిర్‌పోర్టుకి కూడా నువ్వే వెళ్లాలి.” నేను ఉగాది పచ్చడి నోట్లో వేసుకున్నాను. యాపిల్ తియ్యగానే ఉంది, మిగతా అంతా చేదుగా తగిలింది.

తరవాతి మంగళవారం ఆమె కాలేజీ ముందు కారాపి, స్టీరింగు వదలకుండా అంది: “మా అన్నయ్య మాటిచ్చాడంటే కాదనడానికి నాకొక కారణం కావాలి. ఊరికే ఇష్టం లేదంటే ఆయన వినడు. ఆ కారణం మీ దగ్గర ఏమైనా ఉందా?”

“ఏం కారణం?” అన్నాను, దొంగలాగా.

“ఏమో. అన్నయ్యల దగ్గర ఏముంటాయో నాకేం తెలుసు” అని డోరు తీసింది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కాని నా బుర్రనిండా మూడు నెలలుగా రోమన్ నౌకరు కూర్చుని ఉన్నాడు. వాడు ఒక అబద్ధాన్ని ఇంకా పెద్ద అబద్ధంతో కప్పమన్నాడు. ఆ ఆదివారం వంటింట్లో వదినగారి పక్కన నిలబడి, “మీకొక రహస్యం చెప్పాలి వదినగారూ. నేను మా అమ్మకి పుట్టలేదు” అన్నాను. ఆమె చేతిలో గారె పిండి అలాగే ఉండిపోయింది. ఇక ఆగడం నా చేత కాలేదు. పుష్కరాల్లో నది ఒడ్డున వెదురు బుట్టలో దొరికానన్నాను. నడుముకి వెండి మొలతాడు, మొలతాడుకి తాయెత్తు, తాయెత్తులో రాగిరేకు, రేకు మీద హరితస అని చెక్కి ఉందన్నాను. (నా అసలు గోత్రం హరితస. అది అప్పటికి గుర్తొచ్చింది.) భారద్వాజ గోత్రం వాళ్లు నన్ను దత్తత చేసుకున్నారని, కాబట్టి నేను నిజానికి మీ భారద్వాజ కాదని తేల్చాను. నా లెక్క ప్రకారం ఆమె అప్పుడు “అయితే మా ఆడపడుచుని చేసుకోవచ్చుగా” అనాలి. ఆమె అనలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని, “ఎంత బాధ దాచుకున్నావయ్యా” అని ఆరు గారెలు అదనంగా వేసింది. ప్రెసిడెంటు గారు సంగతి విని చలించిపోయి, ఈసారి పూజలో ఏ గోత్రం చెప్పాలో కనుక్కుందామని అప్పటికప్పుడు కెమిస్ట్ పంతులుగారికి ఫోన్ చేశారు. వచ్చిన జవాబు హాల్లో అందరికీ వినపడేలా తిరిగి చెప్పారు: “దత్తత వెళ్లాడు కాబట్టి భారద్వాజ వాడిదే. పుట్టుక హరితస కాబట్టి అదీ వదలదు. రెండు గోత్రాల ఆడపిల్లలూ వాడికి చెల్లెళ్లే.” ఒక తలుపు తెరుద్దామని వెళ్లినవాణ్ణి, రెండో తలుపు కూడా వేసి గడియ పెట్టుకుని వచ్చాను. మూలన కూర్చుని పేపరు చదువుతున్న చెల్లెలు మొహానికి పేపరు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. పేపరు మాత్రం ఎందుకో ఊగుతోంది.

తరవాతి అయిదు వారాలు ఎలా గడిచాయో చెప్పను. ఆ శనివారం పొద్దున్న జెర్సీ సిటీ పెళ్లికొడుకుని తీసుకురావడానికి పెళ్లికూతురి అన్నగా నేను ఎయిర్‌పోర్టుకి బయల్దేరాను. నాకు డ్రైవింగ్ రాదు కనక కారు నడిపింది పెళ్లికూతురే. పాంటు, నల్ల కళ్లద్దాలు. అతను చూసిన ఫోటోలో పట్టుచీర, పెద్ద జడ. పోల్చుకోలేదు. మంచి ఒడ్డూ పొడుగూ, నవ్వు మొహం, చేతిలో మిఠాయి పెట్టె. వెనక సీట్లో కూర్చుని మర్యాదగా అడిగాడు, “అమ్మాయిగారు ఇంట్లో ఉన్నారాండీ?”

“ఇంట్లోనే ఉండాలి కదండీ. మర్యాదస్తుల పిల్ల, వీధిలోకి రాకూడదట” అంది డ్రైవరు.

“మీరు కూడా భారద్వాజేనా?” అని నన్నడిగాడు.

“ప్రస్తుతానికి” అన్నాను.

“అన్నయ్యా, బెల్టు పెట్టుకోండి.”

“పెట్టుకున్నాను.”

“అది సీటు వైరు. బెల్టు అటుంది. మూడుసార్లు టెస్టు పోయింది ఇందుకే.”

“టెస్టు పోయింది బెల్టు వల్ల కాదు.”

“అవును, ఆపమన్న చోట ఆపకపోవడం వల్ల. ఆ అలవాటు మాటల్లో కూడా ఉంది.”

ఇలా ఇల్లు చేరేదాకా.

ఇంట్లో అన్నీ పద్ధతిగా ఏర్పాటయ్యాయి. డ్రైవరు వెనక తలుపున లోపలికి వెళ్లి పావుగంటలో పట్టుచీర కట్టుకుని కాఫీ ట్రేతో వచ్చింది. పెళ్లికొడుకు తలెత్తి చూసి కప్పు సగంలో ఆపాడు. నేను ప్రెసిడెంటు గారి పక్కన అన్న స్థానంలో చెమటలు కక్కుతూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడు టపా వచ్చింది. అందులో నీలం రంగు ఇండియా ఉత్తరం. ఆ రోజుల్లో ఇండియా ఉత్తరం ఎవరి పేరున వచ్చినా ఇంట్లో ఉన్నవాళ్లందరికీ వచ్చినట్టే లెక్క, పైకి చదవాల్సిందే. “మీ వదిన పేరున వచ్చింది తమ్ముడూ” అని ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, అంచులు చించి, సభలో చదివినట్టు చదివారు.

“చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం అందింది. మావాడు పుష్కరాల్లో బుట్టలో దొరికానని వాడి నోటితో వాడే చెప్పాడని రాశావు. వాడు పుట్టినప్పుడు ఒక పగలూ ఒక రాత్రీ నొప్పులు పడ్డాను తల్లీ. బుట్టలో దొరికి ఉంటే నాకా బాధ తప్పేది. వాళ్ల నాన్నగారి ముక్కూ, మా నాన్న చెవులూ వాడికి ఉన్నాయి, కావాలంటే ఫోటో పంపుతాను. మొలతాడు నూలుది, వెండిది కాదు. మా గోత్రం హరితస. వాళ్ల ముత్తాతలనాటి నుంచీ అదే. భారద్వాజ అని ఎందుకు చెప్పాడో వాణ్ణే నిలబెట్టి అడగండి. ఇన్ని అబద్ధాలాడేవాడికి పిల్లనిచ్చేవాళ్లెవరైనా అక్కడ దొరికితే వెంటనే తెలియజేయి. నేను అడ్డు చెప్పను.”

వదినగారు “నేను ఉత్తరం...” అని ఏదో అనబోయింది గాని ఎవరూ వినిపించుకోలేదు.

ఇక్కడ నేను లేచి నిలబడి, ప్రెసిడెంటు గారి కళ్లలోకి చూస్తూ, “అవును, అబద్ధమాడాను. ఆమె కోసం ఆడాను” అని ఒప్పుకున్నానని నడకలో మిత్రులకి చెబుతూ ఉంటాను. రాతలో ఆ మాట పెట్టడానికి చెయ్యి రావడం లేదు. ‘బుట్ట’ అన్న మాట వినపడగానే నేను బాత్‌రూమ్‌లో ఉన్నాను. తలుపేసి, చప్పుడు వినపడకుండా పంపు కూడా తిప్పాను. కాసేపటికి తలుపు మీద తట్టారు. “తమ్ముడూ, బయటికి రా.” ఆగారు. “తమ్ముడివి కాదట కదా. ఎవరివైతే వాడివి, బయటికి రా.”

వచ్చాను. “ఎందుకు చెప్పావు?” అన్నారు. గొంతు సవరించుకోలేదు. అది చూసే నాకు భయం వేసింది. “ఆకలి మీదున్నానండీ. గుర్తు రాలేదు. మీరు చెప్పింది చెప్పేశాను” అన్నాను. “ఇన్ని నెలలు నా ఇంట్లో నా తమ్ముడివై తిన్నావు. పదకొండు ఇళ్లలో చెప్పుకున్నాను నీ గురించి. నేను నీకు గోత్రం చూసే పెడుతున్నాననుకున్నావా?” అన్నారు. నేను తల దించుకుని, “తిన్నది తమ్ముడిలాగే తిన్నానండీ. కాని...” అని, కాఫీ ట్రే వైపు చూసి ఆగిపోయాను. ఆపకూడని చోట ఆపడం అది మొదటిసారి.

అప్పుడు జెర్సీ సిటీ అబ్బాయి కప్పు కింద పెట్టాడు. “అన్నయ్యగారూ, నాదొక మాట. ఎయిర్‌పోర్టు నుంచి ఇక్కడికొచ్చేదాకా వీళ్లిద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. నాకు ముగ్గురు చెల్లెళ్లు, అన్నాచెల్లెళ్ల పోట్లాట ఎలా ఉంటుందో తెలుసు. వినలేం. వీళ్లది ఇంకా కాసేపు వినాలనిపించింది. నన్నెందుకు పిలిపించారో గాని, ఈయనకే ఇచ్చెయ్యండి. నేను నాటకం చూసి వెళ్తాను.” వదినగారు ముందు నవ్వింది. ప్రెసిడెంటు గారు నవ్వకుండా చెల్లెలి వైపు తిరిగారు. “ఏమ్మా?” ఆమె ట్రే సర్దుతూ, “నాకేం తెలుసన్నయ్యా. హరితసకీ మనకీ కుదురుతుందేమో పంతులుగార్ని కనుక్కోండి” అంది. ఆయన ఫోన్ చేశారు. కుదురుతుందట. కాని అబ్బాయికి ముందు భోజనం పెట్టి, అప్పుడు మరోసారి గోత్రం అడగమన్నారట పంతులుగారు. అప్పుడు ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. నా ప్రాణం లేచి వచ్చింది.

ఆ సాయంత్రం అందరూ నాటకానికి వచ్చారు, జెర్సీ సిటీ అబ్బాయితో సహా. ఇక మొదట్లో చెప్పిన చరిత్ర సంగతి. అక్కడ ఉన్నది మూడు వందలమంది కాదు. నలభై ఉంటారు, అందులో కొందరు పక్క గదిలో కుట్టు క్లాసు అనుకుని వచ్చినవాళ్లు. నాది కథానాయకుడి వేషమూ కాదు. రెండో ఇంటి తలుపు దగ్గర కాపలావాడు. ఒక్కటే డైలాగు. ముసలి తండ్రి వచ్చి తలుపు తడితే, “మా అయ్యగారు ఇంట్లో లేరు” అనాలి. నిజానికి అయ్యగారు లోపలే ఉంటాడు. ఆ అబద్ధం నమ్మి ముసలాయన వెనక్కి పోబట్టే మిగతా అపార్థాలన్నీ పుడతాయి. కారులో మూడు నెలలు ప్రాక్టీస్ చేసింది ఆ ఒక్క ముక్కే.

ముసలి తండ్రి వేషం వేసింది ఒక ఫైర్‌మన్, ఆరడుగుల మనిషి. వచ్చి దబదబా తలుపు బాదాడు. నేను బయటికి వచ్చాను. ఎదురుగా రెండో వరసలో ఆ పట్టుచీర కనపడింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ పొద్దున్నే నా అబద్ధాలన్నీ తీరిపోయాయి. నోటికి వచ్చిందేమిటంటే, “ఉన్నారు. లోపలికి రండి, కూచోండి.” అని ఊరుకోకుండా తలుపు బార్లా తీశాను. లోపల ఇల్లు లేదు. సాండ్‌విచ్ తింటున్న లైట్లబ్బాయి ఉన్నాడు. నాటకం పదో నిమిషంలోనే అయిపోయేది గాని, ఫైర్‌మన్ నా భుజం పట్టుకుని, “నీకు మతి పోయింది, మీ అయ్యగారు ఇంట్లో ఉండరని ఊరంతటికీ తెలుసు” అని తలుపు తనే మూసి వెళ్లిపోయాడు. ఆ రోజు అందరూ అన్నిటికంటే ఎక్కువ నవ్వింది దానికే. చివర్లో జనం లేచి నిలబడ్డ మాట మాత్రం నిజం. వెళ్లేటప్పుడు ఎవరి కుర్చీ వాళ్లు మడిచి గోడకి ఆనించాలని ముందే చెప్పారు. పంతులమ్మ ముడిలోంచి పెన్సిలు తీసి నా పేరు పక్కన ఏదో రాసుకుంటూ, “ఇన్నాళ్లు నేర్పినా నీకు అబద్ధం ఆడటం రాలేదు” అని బాధపడింది. ఆమెకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఆ చలికాలంలో ప్రెసిడెంటు గారి హాల్లోనే మా పెళ్లయింది. పంతులుగారు నా గోత్రం మూడుసార్లు అడిగారు, నేను మూడుసార్లూ ఒక్కటే చెప్పాను. వరసలన్నీ తలకిందులయ్యాయి. వదినగారు అక్కయ్య అయింది. ప్రెసిడెంటు గారు బావగారవ్వాలి. కాని ఆయన ఒక్కరోజు కూడా నన్ను బావా అని పిలవలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. చివరిసారి ఆస్పత్రిలో చూసినప్పుడు కూడా, గొంతు సవరించుకునే ఓపిక లేకపోయినా సవరించుకుని, “తిన్నావా తమ్ముడూ” అన్నారు. ఒక్క పూట పులిహోర కోసం నేను ఆడిన అబద్ధాన్ని ఆయన బతికినంత కాలం నిజం చేసి పెట్టారు. ఇప్పుడు ఎవరైనా గోత్రం అడిగితే హరితస అని చెప్పి, ఆగి, లోపల్లోపల ఇంకోటి కూడా అనుకుంటాను. ఆ ఇరవై ఆరేళ్ల కుర్రాడు ఎదురుపడితే రెండు వాయించాలనిపిస్తుంది. ఆ తరవాత కూచోబెట్టి పులిహోర పెట్టాలని కూడా అనిపిస్తుంది. ఏమైతేనేం, నౌకరు బుర్ర, దత్తత కథ, బుట్ట, తాయెత్తు, అన్నీ కలిసి ఎలాగో నా పెళ్లి చేశాయి. ఆ కథ అల్లి ఉండకపోతే వదినగారు మా అమ్మకి ఉత్తరం రాసేదీ కాదు, నేను ఆ ఇంటి అల్లుణ్ణి అయ్యేవాణ్ణీ కాదు.

ఇంతవరకు రాసి, మా ఆవిడకి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. లైబ్రరీలో పాత పుస్తకం తిరిగొస్తే చిరిగిన పేజీలు చూసుకున్నట్టు చూసి, కాగితాలు బల్ల మీద పెట్టింది.

“ఉత్తరం వదిన రాయలేదు. నేను రాశాను, వదిన పేరు పెట్టి. మీ అమ్మగారి అడ్రసు మీ ఉత్తరాల మీద చూసి నేర్చుకున్నాను.”

“నీకు గోత్రం సంగతి...”

“వ్రతం రోజునే తెలుసు. అన్నయ్య నోటి వంక చూసి చెప్పారు మీరు. ప్రసాదం గిన్నెతో పక్కనే ఉన్నాను.”

“మరి అన్ని నెలలూ అన్నయ్యా అన్నయ్యా అని ఎందుకు పిలిచావు?”

“ఎప్పుడు ఒప్పుకుంటారో చూద్దామని. ఒప్పుకునేలా లేరని ఉత్తరం రాశాను. లోపలున్న పిల్ల ఊరికే కూచోదని అప్పుడే చెప్పాను. మీరు చేసిందేమీ లేదు, తలుపు దగ్గర నిలబడ్డారు, అంతే.”